చెట్టు మొదట్లో గంధకం

గరిటెడు నీళ్లు రాళ్ల మీద పడి చుయ్‌మన్నాయి. ఆవిరి ముందు కప్పుకి ఎగిరి, అక్కడి నుంచి వీపుల మీదకి దిగింది. ఆర్వో మెడ వంచాడు గానీ కళ్లు మూసుకోలేదు. కళ్లు మూసుకుంటే పక్కన కూర్చున్న మనిషి కనబడడు, కనబడని లైల్‌ని నమ్మే రోజులు పోయాయి. సౌనాలో, ఆ ఆవిరి స్నానాల గదిలో, ఇద్దరే ఉన్నారు, పై బల్ల మీద, ఒంటి మీద నూలుపోగు లేకుండా, మూరెడు ఎడంగా, ఎన్నో ఏళ్లుగా ప్రతి శనివారం కూర్చుంటున్నట్టే కూర్చున్నారు. లైల్ అక్క మొగుడు. అక్క హెల్మి పోయి ఏడాది దాటింది. అక్క లేకపోయినా బావ బావే కదా అంటారు ఊళ్లో, అనేవాళ్లదేం పోయింది, చస్తున్నది వాళ్ల చెట్టు కాదు. అదిగో, మళ్లీ గరిటె తీశాడు. ఎంత మెల్లగా పోస్తాడో, రాళ్లకి ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు. ఇంత నెమ్మదస్తుడికి తెల్లారగట్ల బకెట్టు పట్టుకుని పైన్ చెట్టు మొదట్లో వంగి చేసే పనేముంటుంది?

అడగడానికి వీల్లేదు, ఇక్కడ కాదు. సౌనాలో గొంతు పెంచకూడదు. అది అమ్మ పెట్టిన నియమం, అమ్మకి వాళ్లమ్మ పెట్టింది, ఫిన్లాండు నుంచి ఈ దేశం వస్తూ ట్రంకుపెట్టెతో పాటు తెచ్చుకున్నది. హెల్మి ఈ గదిలోనే పుట్టింది, ఆర్వో ఈ గదిలోనే పుట్టాడు, నాన్న పోయినప్పుడు కింది బల్ల మీద పడుకోబెట్టి ఇక్కడే స్నానం చేయించారు. ఇలాంటి చోట అరుపులేమిటర్రా అని గరిటె కాడతో మోకాలి మీద ఒక్కటి అంటించేది అమ్మ. కాబట్టి కాఫీ దాకా ఆగాలి. అవతలి గదిలో ఏలకుల రొట్టె కోసి పెట్టి వచ్చాడు, ఉప్పు చేప పెట్టి వచ్చాడు, చెప్పాల్సిన మాట కూడా అలాగే సిద్ధం చేసి ఉంచాడు. సోమవారం సర్వేయర్ వస్తున్నాడు బావా, నాన్న మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన నేల మధ్యలోంచి గీత గీస్తాడు, హెల్మి వాటా నీది, కాదనను, కానీ చెట్టూ సౌనా నా వైపు వస్తాయి, ఇక నువ్విటు రావద్దు. రావద్దు అనేటప్పుడు గొంతు ఎలా ఉండాలో ట్రక్కు నడుపుతూ సాధన కూడా చేశాడు. మరీ గట్టిగా కాదు, మెత్తగానూ కాదు. బావకి పిల్లల్లేరు, తనకి పెళ్లే లేదు, ఆ మాట అనేశాక ఈ గట్టు మీద తనకంటూ మనిషి మిగలడు. మిగలకపోతేనేం, చెట్టు ఉంటుంది. ఉంటుందా?

చిన్న కిటికీ అద్దం చెమర్చితే అరచేత్తో తుడిచాడు. సెప్టెంబరు సాయంత్రం, బయట ఇంకా వెలుతురుంది, సరస్సు కదలకుండా పడుంది, మధ్యలో లూన్ పక్షి ఒకటి మునిగింది, ఎక్కడ తేలుతుందో ఎవరికీ చెప్పదు అది, బావ లాగే. అద్దానికి అడ్డంగా పైన్ మొదలు. దాని తల ఇక్కడికి కనబడదు, కనబడక్కర్లేదు, ఎక్కడ చూసినా అదే కళ్లకి కట్టినట్టుంది, పచ్చగా ఉండాల్సిన సూదాకులు ఎండుగడ్డి రంగుకి తిరిగి, గాలి లేని రోజున కూడా రాలుతూ, రేవు చెక్కల మీద, పడవలో, తన కాఫీ కప్పులో. నాన్న ఈ నేల కొనేనాటికి కలప వాళ్లు గట్టంతా గొరిగేసి పోయారట. నడుం దగ్గర రెండుగా చీలింది, పలకలకి పనికిరాదని దీన్నొక్కదాన్నీ వదిలేశారు. పనికిరానిది గనకే మనకి మిగిలిందర్రా అని నాన్న నవ్వేవాడు. హెల్మి ఈతకి వెళ్లినప్పుడు మధ్య మధ్య వెనక్కి తిరిగి ఆ చెట్టు కొన చూసుకునేది, అది చిటికెన వేలంత అయిందంటే చాలు, ఇంక వెనక్కి. నువ్వొద్దురా ఆర్వో, నీకు ఊపిరి చాలదు, నువ్వు చెట్టు కిందుండి నన్ను చూస్తూ ఉండు. చూస్తూ ఉండేవాడు. అప్పట్నుంచీ చెట్టు కిందే ఉన్నాడు, చూడ్డానికే మనిషి లేదు.

ఈ సరస్సు మీద చెట్లు ఊరికే జబ్బు పడవు. గట్టు మీద బతికున్న చెట్టుని కొట్టకూడదు, మట్టి జారి నీళ్లలో పడుతుందని కౌంటీ ఆఫీసు వాళ్ల రూలు. చచ్చినదాన్నయితే కొట్టుకోవచ్చు. ఆ రూలు వచ్చిన దగ్గర్నుంచీ అవతలి గట్టు మీద చెట్లకి ఆయుష్షు తగ్గింది. నగరం నుంచి వచ్చి గోడంతేసి అద్దాలు పెట్టుకున్నవాళ్ల ఇళ్ల ముందు, సరిగ్గా అద్దానికి ఎదురుగా ఉన్నదానికే తెగులొస్తుంది, పక్కదాని జోలికి పోదు, అంత మర్యాద తెలిసిన తెగులు. ఎవరు మందు పెడుతున్నారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు, ఆదివారం చర్చిలో ఒకే పుస్తకం చెరో వైపు పట్టుకుని పాడతారు. లైల్, హెల్మి కట్టుకున్న ఇల్లు సరిగ్గా పైన్ వెనకాలే ఉంది. పైన్ పోయిందంటే వాళ్ల వరండాలోంచి నీళ్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా కనబడతాయి. నీళ్లు కనబడే ఇంటికి కొనేవాళ్లు బారులు తీరతారు. ముసలాడు, ఒంటివాడు, అమ్మేసి అరిజోనాలో చెల్లెలి దగ్గరికి పోతాడు, ఎండకి కాళ్లు చాపుకుంటాడు. అడిగితే మాత్రం, నేనెక్కడికి పోతాను ఆర్వో, అంటాడు. అదే మాట అంటాడు, ఎప్పుడడిగినా అదే మాట, అక్షరం మారదు. నిజం చెప్పేవాడికి మాట ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది కదా?

"ఇంకోటి పొయ్యనా?" అన్నాడు లైల్.

"నీ ఇష్టం బావా."

నీ ఇష్టం. అన్నీ నీ ఇష్టమే కదా ఇన్నాళ్లూ జరుగుతున్నది. జూన్‌లో ఎర్ర కారులో ఒకావిడ వచ్చింది. ఆర్వో అప్పుడు సరస్సులో పడవ మీద ఉన్నాడు, గాలం వేసుకుని, అక్కణ్నుంచి అంతా కనబడుతూనే ఉంది. ఆవిడ చెట్టు చుట్టూ తిరిగింది, తల పైకెత్తి చూసింది, వంగి మట్టి తీసి సంచిలో వేసుకుంది, బావ చేతులు వెనక్కి పెట్టుకుని పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రిలా నిలబడ్డాడు. ఎవరు బావా ఆవిడ అంటే, దారి తప్పి వచ్చింది, అడగడానికి ఆగింది, అన్నాడు. దారి తప్పినావిడ మట్టి మూటగట్టుకుని పోతుందా? స్థలం చూడ్డానికొచ్చిన దళారీ కాకపోతే ఎవరు? ఆ తర్వాత బకెట్టు. బుధవారం పొద్దున, తను వచ్చే రోజు కాదు, పడవ మోటారు బాగుచేద్దామని వస్తే, చెట్టు మొదట్లో మోకాళ్ల మీద లైల్, చేతిలో చిన్న పార, పక్కన బకెట్టు, ట్రక్కు చప్పుడుకి బకెట్టు మీద గోనె కప్పేసి లేచాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏంటి బావా ఇంత పొద్దున్నే? పుట్టగొడుగులురా, పుట్టగొడుగులు ఏరుతున్నా. పుట్టగొడుగులు! పళ్లెంలో కనబడితే ఏరి గట్టున పెట్టే నార్వే వాడు! పెళ్లయిన కొత్తలో అమ్మ చేసిన పుట్టగొడుగుల పులుసు కుక్కకి పెట్టి దొరికిపోయినవాడు! ఆర్వో నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు పెదాల మీద ఎంత బరువుగా తోచిందో ఇప్పటికీ తెలుస్తోంది.

బావ ఇంట్లోకి వెళ్లాక మొదలు చుట్టూ తడిమి చూశాడు. నేల కొత్తగా ఉంది, నల్లగా, అడవి వాసనేస్తూ, ఎవరో ఏదో తవ్వి దాన్ని కనబడకుండా కప్పినట్టు. మట్టిలో అక్కడక్కడా పసుపుపచ్చ పొడి. వేళ్లకి అంటింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే అగ్గిపుల్ల గీసిన వాసన. ఆ మధ్యాహ్నం బావ ఊళ్లోకి వెళ్లగానే పడవల కొట్టంలోకి దూరాడు, సొంత అక్క కొట్టంలోకి దొంగలా, వలల వెనక వెతికాడు, దొరికింది. సగం ఖాళీ అయిన సంచి. గంధకం. మూతి మడిచి మళ్లీ ఉన్నచోటే పెట్టాడు. హెల్మి పోయినరోజు కూడా ఇంత దెబ్బ తగల్లేదు, ఎందుకంటే హెల్మి పోతుందని ముందే తెలుసు. గంధకం కొనేవాడు ఏమీ తెలియక కొనడు. వేరులోంచి పైకి పాకి, ఎవరికీ కనబడకుండా, ఒక్కో కొమ్మా... అక్క నీళ్లలోంచి తిరిగి తిరిగి చూసుకున్న చెట్టు. అక్క మొగుడే. ఇంటికెళ్లి సర్వేయర్‌కి ఫోన్ చేశాడు. ఎవరితోనూ అనలేదు. ఎవరున్నారు అనడానికి?

లైల్ బర్చ్ చెట్టు మండల కట్ట నీళ్లలో ముంచి, ఒంట్లో నెత్తురు ఆడేలా భుజాల మీద కొట్టుకుంటున్నాడు. తడి ఆకుల వాసన గదంతా నిండింది. ఎంత తీరిగ్గా కొట్టుకుంటున్నాడు, ముందు ఎడమ భుజం, తర్వాత కుడి, అచ్చం నాన్నలా. నాన్న దగ్గరే నేర్చుకున్నాడు మరి. మొదటిసారి వీణ్ని తెచ్చి నాన్న ఈ బల్ల మీదే కూర్చోబెట్టాడు, పెళ్లికి ముందు రోజు, కావాలనే గరిటె మీద గరిటె పోశాడు. వీడు రొయ్యలా ఎర్రబడి, లేస్తే పరువు పోతుందని లేవలేక, వేడికి కూర్చోలేక, ఆఖరికి తలుపు తోసుకుని పరిగెత్తి సరస్సులో దూకాడు, దూకింది మోకాలి లోతులో. ఆవిరినే ఏలుకోలేనివాడు మా పిల్లని ఏం ఏలుకుంటాడే అని నాన్న కేకేస్తే, అవతలి గదిలో హెల్మి పొట్ట పట్టుకుని నవ్వింది. వాడు మళ్లీ లోపలికొచ్చాడు, మోకాళ్లు చీరుకుపోయి రక్తం కారుతుంటే అదే చోట కూర్చున్నాడు, ఇంకోటి పొయ్యండి మామగారూ అన్నాడు. ఆ రోజు ఆర్వోకి నచ్చాడు. ఛ, ఇప్పుడెందుకిది? వేడికి మనిషి కరుగుతాడు, అందుకే ఇక్కడ ఏమీ నిర్ణయించకూడదు. ఇరవై ఏళ్ల వయసులో మోకాళ్లు చీరుకున్నవాడు ముసలితనంలో చెట్టుకి మందు పెట్టడని ఎక్కడుంది? ఆస్పత్రిలో హెల్మి చెయ్యి పట్టుకుని కూర్చున్నవాడు కూడా వీడే. చెయ్యి పట్టుకుని చెవిలో ఏదో మాట్లాడుకునేవారు ఇద్దరూ, తను గదిలోకి రాగానే ఆపేసేవారు. ఏం మాట్లాడుకునేవారు? ఇల్లు అమ్మెయ్యమనే కదా అక్క కూడా... లేదు, అక్క అనదు. అంటుందా?

"పొయ్యి చల్లారాక బూడిద నేను తీసేస్తాలే," అన్నాడు లైల్, మండలు దులుపుతూ. "నీ మోకాలు మళ్లీ వాచినట్టుంది."

"నా మోకాలికేం. నేనే తీసుకుంటా."

ఇదొకటి. వసంతం నుంచీ ఇదే వరస. బూడిద దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. ఆఖరికి బూడిద కూడా వదలవా? ఈ గట్టు మీద ఆర్వోకంటూ ఉన్న పని అదొక్కటే. సౌనా బూడిద నీళ్లలో కలపకూడదు, చేపలకి మంచిది కాదు, ఏదో ఒక మొక్క మొదట్లో వెయ్యాలి, అది కూడా అమ్మ మాటే. అమ్మ ఒక వారం బంగాళదుంప మడిలో గుప్పెడు చల్లేది, ఇంకో వారం క్యాబేజీలకి, ఇంకో వారం అటు కంచె దగ్గర. అమ్మ పోయాక మళ్లు గడ్డి పట్టిపోయాయి, అంత దూరం మొయ్యడానికి మోకాలు ఒప్పుకోలేదు, పైన్ నాలుగు అడుగుల్లో ఉంది. దానికే పోశాడు. ప్రతి శనివారం బకెట్టుడు, మొదలు చుట్టూ, చేత్తో సర్ది మరీ. హెల్మికి జబ్బు చేశాక వారం మధ్యలో కూడా పొయ్యి వెలిగించేవాడు, ఆ వేడిలో తప్ప ఒళ్లు ఊరుకునేది కాదు, బూడిద కూడా అంతకంత అయ్యేది, ఆకులు పండుబారిన కొద్దీ ఇంకా పోసేవాడు, తినరా, తిను, లేచి నిలబడు. పశువుకి మేత వేసి పక్కన నిలబడ్డట్టు నిలబడేవాడు. ఆస్పత్రి నుంచి వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న హెల్మి అటే చూస్తుండేది. చాల్లేరా ఆర్వో, ఈ వారానికి చాలు, అనేది. అలసిపోతున్నాడని జాలి. అంత జబ్బులోనూ తమ్ముడి మీద జాలి. అలాంటి మనిషి మొగుడికి గంధకం ఎలా కొనబుద్ధయింది, ఏ చేత్తో...

ఇక ఆగలేదు. అమ్మ నియమం, కాఫీ, సాధన చేసిన గొంతు, అన్నీ గాలికి పోయాయి. తన గొంతు తనకే కీచుగా వినబడింది.

"గంధకం ఎందుకు కొన్నావు బావా?"

లైల్ చేతిలో గరిటె ఆగిపోయింది. రాళ్లు టిక్కు టిక్కుమంటున్నాయి. చూడు, వెతుక్కుంటున్నాడు, అబద్ధం వెతుక్కుంటున్నాడు, ఎలకల మందు అంటాడా, పాముల కోసం అంటాడా, ఏదన్నా సరే పట్టుకుంటాను ఈసారి.

"కొట్టంలోకి వెళ్లావన్నమాట," అన్నాడు లైల్.

"వెళ్లాను. చెట్టు కింద ఏం పెడుతున్నావో చూశాను. ఆ ఎర్ర కారావిడ ఎవరో చెప్పు ముందు."

"మట్టి పరీక్ష చేసే ఆవిడరా. వ్యవసాయం వాళ్ల మనిషి." గరిటె బకెట్లో పెట్టేశాడు. "సంగతి హెల్మి పోకముందే కనిపెట్టింది, చెప్పొద్దంది నీకు."

హెల్మి పేరు వినగానే ఆర్వో ఒళ్లంతా చెవులయింది. హెల్మి పేరు అడ్డం పెట్టుకుంటున్నాడు, చచ్చినవాళ్లు వచ్చి కాదనరు కదా, ఎంత తెలివి...

"ఏం చెప్పొద్దంది?"

"పైన్‌కి పులుపు నేల కావాలిట. బూడిద పోసిన కొద్దీ నేల సున్నంలా అయిపోతుందిట. ఇక వేరు ఎంత పీల్చినా ఏమీ అందదు. ఇన్నేళ్ల బూడిద, నువ్వు పోసిందంతా అక్కడే ఉంది, కదల్లేదు. దాన్ని కొంచెం కొంచెం తీసి రోడ్డవతల పారబోస్తున్నా. అడవి మట్టి తెచ్చి వేస్తున్నా. గంధకం నేలకి పులుపు తెస్తుందంది ఆవిడ, అందుకని చల్లుతున్నా. నువ్వు మళ్లీ శనివారం పోస్తావు. నేను మళ్లీ తీస్తా."

బకెట్టు. గోనె. అడవి వాసన. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం కాదు, తను చూసింది చూసినట్టే జరిగింది, చంపుతున్నవాడు మాత్రం మారాడు. తినరా, తిను. చేత్తో సర్ది మరీ పోశాడు. ఇంత ప్రేమగా ఎవరు చంపుతారు? చాల్లేరా ఆర్వో, ఈ వారానికి చాలు. అది జాలి కాదు. తెలిసే అంది, కుర్చీలో కూర్చుని, చెట్టుని చూస్తూ తమ్ముణ్ని చూస్తూ, ఇద్దరిలో ఎవర్ని కాపాడాలో తెలియక. ఆస్పత్రిలో చెవిలో మాట్లాడుకుంది ఇదే. ఒక్కసారిగా ఆర్వోకి అక్క మీద పట్టరాని కోపం వచ్చింది, బతికుంటే ఒంటికాలి మీద లేచేవాడు. నాకెందుకు చెప్పలేదే? నేనంత పిచ్చివాణ్నా, చిన్నపిల్లాణ్నా?

"ఎందుకు చెప్పొద్దంది?"

"వాడు జీవితంలో ఆ ఒక్కదానికే అన్నం పెడుతున్నాడు లైల్, అంది. తన చేత్తోనే చంపుతున్నానని తెలిస్తే వాడింక ఈ గట్టు మీదకి రాడు, అంది." లైల్ కళ్లు తుడుచుకున్నాడు, చెమటే అయ్యుంటుంది. "నేనూ అదే అనుకున్నా. నువ్వు రాకపోతే... చెట్టు సంగతి తర్వాత."

ఆర్వో కింది బల్ల మీదకి దిగి కూర్చున్నాడు. పైన ఊపిరి అందలేదు. సిగ్గుగా ఉంది, ఒంటి మీద బట్ట లేనందుకు మొదటిసారి సిగ్గేసింది. వేసవంతా వీడి ప్రతి మాటనీ ఎండకి పట్టి చూశాడు, నిజం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుందని తీర్పు కూడా చెప్పాడు. నేనెక్కడికి పోతాను ఆర్వో, అనే మాట మారలేదంటే మరి మారేందుకు అందులో ఏమీ లేదు కాబట్టి. అయినా ఇంకా ఏదో గుచ్చుతూనే ఉంది, అలవాటైన వేలు పుండు మీదకే పోయినట్టు. ఇంత మంచివాడు ఎవడైనా ఉంటాడా? ఏదో ఉంటుంది. ఏదో ఆశ ఉంటుంది. లేకపోతే రోజూ తెల్లారగట్ల లేచి, ఒకడు పోసింది ఇంకొకడు తీసి, అదీ చెప్పుకోకుండా...

"బతుకుతుందా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"బతకొచ్చు. పోవచ్చు. ఆవిడ కూడా చెప్పలేకపోయింది. కింది కొమ్మలకి ఈ ఏడు కొత్త చిగురొచ్చింది, చూపిస్తాను రేపు."

రేపు. ఎంత తేలిగ్గా అనేశాడు రేపు అని. ఎల్లుండి గీత గీసే మనిషి వస్తాడని తెలియదు పాపం. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, కాఫీ దాకా ఉంటే మళ్లీ గొంతు వంకర తిరుగుతుంది.

"సోమవారం..." అన్నాడు ఆర్వో. "సోమవారం నేను..."

"సర్వేయర్ వస్తున్నాడు. తెలుసు," అన్నాడు లైల్. "పోయిన వారమే పెట్రోలు బంకులో కనబడి చెప్పాడు. హద్దు రాళ్లెక్కడున్నాయో చూపించమన్నాడు, చూపించాను. చెట్టు నీ వైపే వస్తుంది. దానికేం, అలా ఉండడమే బాగుంటుంది."

"నిన్ను రావద్దని చెబుదామనుకున్నా బావా. కాఫీ తాగాక."

"అనుకుంటూనే ఉన్నా. రొట్టె పరాయివాళ్లకి కోసినట్టు మరీ అంత సన్నగా కోసి పెడితేనూ."

ఆర్వో పైకి చూశాడు. ఆవిరి పలచబడింది. లైల్ అదే చోట కూర్చుని ఉన్నాడు, చేతులు మోకాళ్ల మీద, కొంచెం వంగి, అలసిపోయిన ముసలాయన.

"వారం నుంచీ తెలుసు. తెలిసి కూడా ఎందుకొచ్చావు ఇవాళ?"

"శనివారం కదా," అన్నాడు లైల్.

ఆర్వో ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వేసవంతా చేసిన పనే కాబట్టి బాగా వెతికాడు. అందులో ఎక్కడా వంకర దొరకలేదు.